చెల్క నేల నీలిపువ్వు

తెలంగాణలోని కోహెడ వంటి ఎర్ర చెల్క ఊళ్లలో ముంగిలికి నీలిపూల మొక్క కావాలంటే నర్సరీకే పరుగెత్తనక్కర్లేదు. వినాయక చవితి ఏకవింశతి పత్రిలో ఒకటైన విష్ణుక్రాంత ఈ నేలదే. నేలబారుగా పరచుకునే సన్నని కాడలు, వాటిపై పట్టులాంటి నూగు, ఆకు మొదట్లో సెంటీమీటరైనా లేని నీలిపువ్వు. ఎండకు పైభాగం మాడినా, కొయ్యబారిన వేరు తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఎరువు అడగదు, రోజూ నీళ్లూ అడగదు. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తేనే కుళ్లుతుంది.

పువ్వు మరీ చిన్నది, పైగా మధ్యాహ్నానికే ముడుచుకుంటుందంటారు. నిజమే. పెద్ద పూలే కావాలంటే నర్సరీల్లో దీని బ్రెజిల్ చుట్టం దొరుకుతుంది. కానీ నీళ్లకు కరువున్న చోట మనదే మేలు. చేను గట్టున ఉన్న మొక్కను మాత్రం పెకలించకండి. ఎండిన కాయల్లోంచి గింజలు ఏరి, వానలకు ముందు ఇసుక కలిపిన మట్టిలో చల్లండి.