ఈల యెవరి చేతిలో?

పడమటి కనుమలను దాటి వచ్చు నైరుతి మేఘములు తమ నీటినంతయు ఆవలి వాలులయందే కుమ్మరించి రిక్తములై వచ్చుటచేతను, ఈశాన్య ఋతుపవనములు తీరమునుండి ఇంత లోపలికి చేరునప్పటికి బలము తగ్గిపోవుటచేతను, రెండు వానకారులును ఉండియు రెంటికిని దూరమైన నేల అనంతపురము పీఠభూమి. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల పాటి వర్షమును నమ్ముకొని శెనక్కాయ విత్తుకొను పల్లెలు, వాన తప్పిన సంవత్సరమున తలుపులకు తాళములు వేసి బెంగళూరునకు, కేరళమునకు కూలికై తరలిపోవుట ఇచ్చట తరతరముల అనుభవము. అట్టి సీమలో ఆటస్థలములు వెలసినవి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఆరంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, ఆర్.డి.టి.గా ఇంటింట తెలిసిన ఆ సంస్థ, బడులు, ఆసుపత్రులు, ఇండ్లు కట్టించుటతో తృప్తిపడక అనంతపురమున ఒక క్రీడాగ్రామమునే నిర్మించి, క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్, జూడో మొదలగు ఆటలలో పల్లెపిల్లలకు శిక్షణ నిప్పించుచున్నది. 2010లో స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ పేరిటి ఫౌండేషన్ అచ్చటనే టెన్నిస్ పాఠశాలను తెరచి, రాకెట్టు పట్టుటతోపాటు ఇంగ్లీషును కంప్యూటరును గూడ నేర్పించు ఏర్పాటు చేసినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలలో అధికభాగము ఆ ట్రస్టు మైదానముననే జరిగినవి. 2023 జూలైలో మీర్పూరున బంగ్లాదేశముపై భారత మహిళా క్రికెట్టు జట్టు తరఫున తొలిసారి ఆడిన ఎడమచేతి స్పిన్నరు బారెడ్డి అనూష ఈ జిల్లా బిడ్డ. 2025 నవంబరు 2వ తేదీన ప్రపంచకప్పును గెలిచిన జట్టులోని శ్రీచరణి పొరుగున నున్న కడప జిల్లా బిడ్డ.

బాలికలు మైదానమునకు వచ్చినారు. వారికి ఆట నేర్పువారిలో స్త్రీలెందరు అన్నది నేడు మనము అడుగవలసిన ప్రశ్న. ఈ కొరత ఒక్క రాయలసీమది గాని, ఒక్క భారతదేశముది గాని కాదు. 2016 రియో ఒలింపిక్సునకు గుర్తింపు పొంది వచ్చిన శిక్షకులలో స్త్రీలు నూటికి పదునొకండుగురు, టోక్యోలో పదుమువ్వురు, స్త్రీపురుష క్రీడాకారులకు సమానముగా స్థానములు కేటాయించితిమని ప్రపంచమంతయు హర్షించిన 2024 పారిస్ క్రీడలలోను ఆ సంఖ్య అంతకు మించి కదలలేదు. పరుగెత్తువారిలో సగము స్త్రీలైనను, పరుగు నేర్పువారిలో ఎనిమిదవ వంతుకు అటునిటుగా మాత్రమే స్త్రీలుండుట సామాన్యమైన వ్యత్యాసము కాదు.

శిక్షకుడు పురుషుడైన నేమి, విద్య విద్యయే గదా యని సహృదయులే అడుగుదురు. విద్య విద్యయే; తండ్రివలె ప్రేమించి, గురువువలె శాసించి బాలికలను తీర్చిదిద్దిన పురుషులు మన నాట పెక్కుమంది కలరు, వారి ఋణము తీరునది కాదు. కాని పండ్రెండేండ్ల బాలిక దేహములో వచ్చు మార్పులు ఆటలోనికి గూడ వచ్చును. దూకి నేలను తాకునపుడు మోకాళ్ళు లోపలికి వాలుట బాలికలలో అధికమనియు, అందుచేత మోకాటి సంధిబంధనము తెగు ప్రమాదము వారికి బాలురకంటె పెక్కురెట్లు హెచ్చనియు వైద్యులు చెప్పుచున్నారు; మోకాలు పాదమునకు సూటిగా నుండునట్లు వంచి మెత్తగా దిగుటను మొదటి సంవత్సరమునుండియే అభ్యసింపజేసిన యెడల ఆ ప్రమాదము చాలవరకు తగ్గును. ఇది పురుషుడును నేర్పగలడు. అయితే ఆంధ్రదేశమున పదునైదేండ్లు దాటిన స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనతతో నున్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. ఋతుస్రావపు దినములలో కన్నులు తిరుగుచుండగా, ఎండలో మైదానము చుట్టును మూడవ సారి పరుగెత్తుచున్న పిల్ల, “సార్, చేతగాలేదు” అని యొక మాట చెప్పలేక పండ్లు బిగబట్టి పరుగెత్తును, లేదా మరునాటినుండి రాకనే పోవును. సోమరితనమని సార్ అనుకొనును. ఆమె పేరు హాజరు పట్టీనుండి జారిపోవును. అచ్చట ఒక మేడం ఉన్నచో, ఆ పిల్ల ముఖము చూచి, పక్కకు పిలిచి, నీళ్ళిచ్చి, సాయంత్రము ఆరోగ్య కేంద్రమున ఇనుము మాత్రలు తీసికొనుమని చెప్పి, రేపు రమ్మని పంపును. పెద్ద పెద్ద పథకములు చేయలేని పని ఈ చిన్న సంభాషణ చేయును.

ఇంటి గడప కడ మరియొక సంగతి. ఆడపిల్లను హాస్టలుకు పంపవలె నన్నప్పుడు, పొరుగు జిల్లాలో పోటీకి రాత్రి బస్సెక్కింపవలె నన్నప్పుడు తల్లిదండ్రులు మొదట అడుగు ప్రశ్న ఆటను గూర్చినది కాదు. “ఎవురు తోడొస్తారు?” అని అడుగుదురు. “మేడం వస్తాదంటే పంపిస్తాం” అన్నది ఈ సీమ తల్లి నోట సహజముగా వచ్చు సమాధానము. పై సర్వేయే ఆంధ్రప్రదేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి ఇరువదితొమ్మండుగురు పదునెనిమిది నిండక పూర్వమే పెండ్లియైనవారని తెలిపినది. కరువు వచ్చిన యేట వలసపోవు తండ్రి కూతురి పెండ్లిని గూడ ముందుకు జరుపుకొనును. పిల్లను ఒంటరిగా విడిచిపోవు భయము అతనిది, ఆ భయమును మనము తేలికగా తీసివేయరాదు. అట్టి యింటికి, తానును ఒకనాడు ఇట్టి యింటనుండియే వచ్చి, ఆడి, చదివి, జీతము తెచ్చుకొనుచున్న స్త్రీ పోయి అరుగుపై కూర్చున్నప్పుడు, ఆమె చెప్పు మాటకంటె ఆమె జీవితమే గట్టి సాక్ష్యమగును.

మన తెలుగు వీరవనితల కథలను తిరుగవేసి చూడుడు. కోనేరు హంపికి చదరంగము నేర్పినది తండ్రి. సానియా మీర్జాను నడిపినది తండ్రి. మిథాలీ రాజ్‌ను మలచినది సంపత్ కుమార్. సైనాకు, సింధుకు ఆరిఫ్, గోపీచందుల వంటి పురుష గురువులే. తండ్రి మొండిపట్టు పట్టని యింటిలో ఎన్ని ప్రతిభలు అణగిపోయినవో లెక్క వ్రాసిన వారు లేరు. అయినను ఒక వెలుగు కనబడుచున్నది: 2019 ఆగస్టు 25న బాసెల్ నగరమున బ్యాడ్మింటన్ ఫైనలున జపాను క్రీడాకారిణి ఒకుహరాను 21–7, 21–7 తేడాతో ఓడించి సింధు ప్రపంచవిజేత యైన నాడు ఆమెకు తోడుగా పనిచేసిన శిక్షకురాలు కొరియా దేశపు కిమ్ జీ హ్యూన్. ఆ విజయమునకు తరువాత నెల తిరుగకమున్నే న్యూజిలాండులో భర్త తీవ్రముగా జబ్బుపడుటచే ఆమె ఉద్యోగము విడిచి వెళ్ళవలసి వచ్చినది. ప్రపంచస్థాయి శిక్షకురాలి కైనను ఇంటిబాధ్యత తప్పనిదైనప్పుడు, నెలజీతము నిలుకడలేని మన మండల స్థాయి కోచ్ మేడం సంగతి వేరుగా చెప్పనేల?

సికింద్రాబాదు వాసియైన పూర్ణిమా రావు భారత మహిళా క్రికెట్టునకు నాయకురాలై, పిదప శిక్షకురాలై, 2016లో ఆస్ట్రేలియా గడ్డపై ఇరువది ఓవర్ల సిరీస్ గెలుపును, 2017 ఆరంభమున ప్రపంచకప్పు అర్హతపోటీల విజయమును చూపినది; ఆ ప్రపంచకప్పునకు కొన్ని వారముల ముందు, ఏప్రిల్‌లో, ఆమె స్థానమున ఒక పురుష శిక్షకుని నియమించిరి. జూలై 23న లార్డ్స్ మైదానమున మన జట్టు తొమ్మిది పరుగులతో ఫైనలు కోల్పోయినది. ఆమె యుండినచో గెలిచెడివారమని నేననను, అట్టి వాదము న్యాయము కాదు. పంట చేతికి వచ్చువేళ సేద్యగత్తెను చేను దాటింపుట మాత్రము నా మనస్సున నేటికిని గుచ్చుకొనుచున్నది. 2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్పు ఫైనలు ఓడిన జట్టులో నున్న నూషీన్ అల్ ఖదీర్, 2023 జనవరి 29న అదే దేశమున, పోచెఫ్‌స్ట్రూమ్‌లో, పందొమ్మిదేండ్ల లోపు బాలికలకు శిక్షకురాలై తొలి ప్రపంచకప్పు నెత్తించినది. ఆ ఫైనలున 24 పరుగులు చేసినది భద్రాచలము బాలిక గొంగడి త్రిష. శ్రీకాకుళము జిల్లాలో పుట్టి, 2000 సిడ్నీ క్రీడలలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ స్త్రీయైన కరణం మల్లేశ్వరి తన అకాడమీని హర్యానాలోని యమునానగరమున నెలకొల్పినది. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు తొలి వైస్‌ఛాన్సలరైనది. ఆ విద్య ఆమెను కన్న నేలపై పాదుకొనకపోవుట తెలుగువారి లోపము.

అమెరికా దేశమునుండి ఒక హెచ్చరిక కలదు. 1972లో ‘టైటిల్ నైన్’ అను చట్టము వచ్చి కళాశాలలలో బాలికల ఆటలకు బాలురతో సమానమైన అవకాశము కల్పింపవలెనని శాసించినది. బాలికలు వేలనుండి లక్షలైరి. చట్టమునకు పూర్వము ఆ మహిళాజట్ల శిక్షకులలో నూటికి తొంబది మందికి పైగా స్త్రీలే. పిమ్మట ఆ నిష్పత్తి సగమునకు దిగువకు జారినది. ఆటకు ధనమును గౌరవమును చేరినంతనే, జీతము లేని నాడు కంటికి కానరాని ఆ కొలువు పురుషులకు ఆకర్షణీయమైనది. నియమించు పెద్దలు తమకు తెలిసినవారినే పిలిచిరి. మన దేశమున మహిళాక్రికెట్టునకు ధనము ఇప్పుడిప్పుడే వచ్చుచున్నది. కావున బాలికల సంఖ్య పెరిగినచో శిక్షకురాండ్ర సంఖ్య తనంతట తానే పెరుగునని చేతులు ముడుచుకొని కూర్చుండుట పొరపాటు.

ఇక అనంతపురపు పిల్ల కోచ్ కావలె ననుకొన్నచో త్రోవ యేది? హాకీ గాని జూడో గాని రాష్ట్రస్థాయి వరకు ఆడి, డిగ్రీ ముగించి, ఇరువది యొకటవ యేట ఆమె నిలుచున్నది. 1961లో పటియాలా మోతీబాగ్ రాజసౌధమున ఆరంభమైన జాతీయ క్రీడాసంస్థవారి డిప్లొమాను ‘ఎన్.ఐ.ఎస్.’ అని ఆటవారందరు పిలుతురు. అది లేనిదే మంచి కొలువులు దొరకవు. రుసుము, ప్రయాణము, ఇంటికి దూరముగా నెలల నివాసము, హిందీ ఇంగ్లీషులలో పాఠములు, వీనికి తోడు సరిగా ఆ యేడే వచ్చు పెండ్లిసంబంధము. బడులలో వ్యాయామోపాధ్యాయుల నియామకములందు స్త్రీలకు మూడవ వంతు రిజర్వేషన్ ఉండుటచేత ‘డ్రిల్లు మేడం’ అను గౌరవస్థానము పల్లెలకు పరిచితమైనది, అది మంచి పునాది. కాని అకాడమీలలోని కోచ్ కొలువులు అధికభాగము ఏడాది ఒప్పందముపై నడచునవి. ఒప్పందము ముగియు నెలయు ప్రసవపు నెలయు ఒక్కటైనచో ఆ స్త్రీ తిరిగి రాదు. వచ్చినను ఆమెను సహాయకురాలిగా, చిన్నపిల్లల గుంపునకో, హాస్టలు కాపలాకో నియమించి, పోటీనాడు జట్టును నడుపు పనిని మాత్రము సార్‌కు అప్పగింతురు.

ఎంత కరువు వచ్చినను ఈ సీమ రైతు విత్తనపు కాయను వేరుగా ఎత్తిపెట్టి, దాని జోలికి పోడు. ఆడి ముగించిన ఈ యువతులు మన విత్తనపు కాయలు. వారిని పెండ్లికో, బెంగళూరు దుస్తుల కర్మాగారమునకో వదలివేసి, ప్రతి తరమున మరల మొదటినుండి వెదకుకొనుచున్నాము. ఆట విడిచిన సంవత్సరముననే వారిని జీతముతో కూడిన శిష్యరికమునకు తీసికొని, అనుభవముగల శిక్షకుని ప్రక్కన రెండేండ్లుంచి, డిప్లొమాకు పంపి, రుసుము ప్రభుత్వమో ట్రస్టో భరింపవలెను. తొలి మెట్టు పాఠములు తెలుగున, అనంతపురముననే జరుగవలెను. బెంగళూరు ఇచ్చటికి రెండువందల కిలోమీటర్ల దూరమే కనుక అచ్చటి నిపుణులను రప్పించుట దుస్సాధ్యము కాదు. 2017 సవరణ తరువాత చట్టము ఇచ్చు ఇరువదియారు వారముల ప్రసూతి సెలవు ఒప్పందపు కోచ్‌కు గూడ చేతికందునట్లు చూడవలెను; బిడ్డతో తిరిగి వచ్చిన తల్లికి మైదానము ప్రక్కన నీడ గల గది యొకటి, పోటీలకు వెళ్ళునపుడు తోడు వచ్చు అమ్మమ్మకో అత్తకో రైలు టికెట్టు ఒకటి. ఖర్చు స్వల్పము. అన్నిటికంటె ముఖ్యముగా, బాలురజట్టునకు గూడ ఆమెను ప్రధాన శిక్షకురాలిగా నియమింపవలెను. 2005లో ద్రోణాచార్య పురస్కారము పొందిన సునీతా శర్మ భారతజట్టున ఆడిన దీప్ దాస్‌గుప్తావంటి పురుషులకు క్రికెట్టు నేర్పినది గదా. వేసవి సెలవులలో పల్లెపల్లెన జరుగు శిక్షణ శిబిరములు దీనికి అనువైన తరుణము: ప్రతి మండలమున ఒక శిబిరము పూర్తి బాధ్యత, ఆటగాండ్ర ఎంపికతో సహా, స్థానికముగా ఆడి పెరిగిన ఒక యువతి చేతికిచ్చి, ఆమె పేరును కరపత్రముపై మొదటి వరుసన అచ్చువేయింతురు గాక.