గాజు తీగ చెప్పేది నిజమేనా?

ఫైబర్ అనగానే మనకి గుర్తొచ్చేది ఇంటర్నెట్. కానీ అదే గాజు తీగతో రక్తంలో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో కూడా కనిపెట్టొచ్చు. ఎలాగో చూద్దాం.

ఫైబర్ మధ్యలో కోర్, దాని చుట్టూ క్లాడింగ్ ఉంటాయి. ఇంటర్లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనం వల్ల కాంతి కోర్‌లోనే ముందుకి సాగుతుంది. అయితే పూర్తిగా లోపలే ఉండదు, కొన్ని వందల నానోమీటర్ల దూరం బయటికి తొంగిచూస్తుంది. అందుకే ఒకచోట క్లాడింగ్ తీసేసి, అక్కడ యాంటీబాడీలు అతికిస్తారు. మనం వెతికే ప్రోటీన్ వచ్చి వాటిని పట్టుకుంటే అక్కడి వక్రీభవన గుణకం కాస్త మారుతుంది. ఆ మార్పు లోపలి కాంతి మీద పడుతుంది.

మరి అది మనకెలా తెలుస్తుంది? మల్టీమోడ్ ఫైబర్‌లోకి లేజర్ పంపితే కాంతి వందల మోడ్‌లలో ప్రయాణించి, చివర్లో అన్నీ కలిసి వెలుగు చుక్కల ముగ్గులా పడతాయి. దీన్నే స్పెకిల్ అంటారు. గుణకం మారితే ముగ్గు మారుతుంది. మన కంటికి రెండూ గజిబిజిగానే ఉంటాయి. కెమెరాతో ఫొటోలు తీసి సీఎన్ఎన్‌కి నేర్పిస్తే అది తేడా పట్టేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫైబర్ కొంచెం వంగినా, గది వేడెక్కినా కూడా ముగ్గు మారిపోతుంది. ప్రోటీన్ లేని శాంపిల్స్ అన్నీ పొద్దున, ఉన్నవన్నీ మధ్యాహ్నం తీశారనుకోండి. మోడల్ ప్రోటీన్ బదులు ఎండని నేర్చుకోవచ్చు! ఒకే వీడియోలోని ఫ్రేమ్‌లని ట్రైనింగ్‌కీ టెస్టింగ్‌కీ కలిపి పంచితే ఇంకా మోసం. పక్కపక్క ఫ్రేమ్‌లు దాదాపు ఒకటే కదా, పేపర్ లీకైన పరీక్షలో ఫస్టొచ్చినట్టే. ఆకు తెగుళ్ల మినీ ప్రాజెక్టులో ఒకే ఆకు ఫొటోలు రెండువైపులా పెట్టి, వచ్చిన యాక్యురసీ చూసి నేనూ సంబరపడ్డాను. కొత్త ఆకు చూపిస్తే మోడల్ తెల్లమొహం వేసింది.

కాబట్టి శాంపిల్స్ వరుస కలిపేయాలి. యాంటీబాడీ లేని ఇంకో ఫైబర్‌ని అదే ద్రవంలో పక్కనే ఉంచి పోల్చాలి. టెస్టింగ్ మాత్రం మోడల్ ఎప్పుడూ చూడని రోజున, చూడని ఫైబర్‌తో చెయ్యాలి. అప్పుడు స్కోరు తగ్గుతుంది, తగ్గనివ్వండి. సినిమా రికమెండేషన్ తప్పితే ఒక సాయంత్రం పోతుంది. రోగికి "మీకేం లేదు" అని తప్పుగా చెబితే, వైద్యం మొదలవ్వాల్సిన సమయమే పోతుంది.