రెండు కళ్లకు మూలం ఒక సంకేతం

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1950వ దశకంలో గొర్రెల కాపరులకు వింత ఆపద ఎదురైంది. పుట్టిన పిల్లల్లో కొన్నింటికి ముఖం మధ్యలో ఒకే కన్ను ఉండేది. వంశదోషమని తొలుత అనుమానించారు. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించి, తప్పు మందది కాదనీ, కొండల్లో పెరిగే వెరాట్రమ్ మొక్కదనీ తేల్చారు. గర్భం దాల్చిన 14వ రోజున దానిని మేసిన తల్లులకే ఇటువంటి పిల్లలు పుట్టాయి. మొక్కలోని విషానికి, గ్రీకు పురాణాల ఒంటికంటి రాక్షసుని పేరు మీదుగా, సైక్లోపమీన్ అని పేరు పెట్టారు.

ఆ రోజు ఎందుకంత కీలకం? క్షీరదాల పిండంలో కళ్లు మొదటి నుంచీ రెండుగా ఉండవు. మెదడుగా మారబోయే పొర ముందు భాగంలో, కంటికి ఉద్దేశించిన కణాలన్నీ నడుమ ఒకే క్షేత్రంగా ఉంటాయి. దాని దిగువనున్న కణజాలం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీనును వెలువరిస్తుంది. అది అందినచోట, అంటే మధ్యరేఖపై, కంటి నిర్మాణాన్ని నడిపించే పాక్స్-6 జన్యువు అణగిపోతుంది. దానితో క్షేత్రం కుడి ఎడమలుగా విడిపోతుంది. సంకేతం అందకపోతే విభజనే జరగదు.

ఈ కుటుంబంలోని తొలి జన్యువు 1980లో పండ్ల ఈగలో వెల్లడైంది. అది లోపించిన ఈగ పిల్లపురుగు ముళ్లపందిలా కనిపించడంతో ఆ పేరు వచ్చింది. క్షీరదాల్లోని జన్యువుకు 'సోనిక్' అన్నది వీడియో గేమ్ పాత్ర నుంచి తెచ్చిన పేరు. శాస్త్రజ్ఞుల చమత్కారం ఒక్కోసారి ఇలా ఉంటుంది. 1996లో ఈ జన్యువును తొలగించిన ఎలుక పిండాల్లోనూ ఒంటికన్నే ఏర్పడింది. సైక్లోపమీన్ అడ్డుకునేది ఈ సంకేతాన్నేనని 1998లో రుజువైంది. ఐడహో గొర్రెల చిక్కుముడి అలా వీడింది.

విడిపోయిన తరువాత ఇతర సంకేతాలు పని అందుకుంటాయి. మెదడు నుంచి బుడగలా పెరిగిన భాగం పైచర్మాన్ని తాకుతుంది. బి.ఎమ్.పి. ప్రోటీన్ల ప్రభావంతో ఆ చర్మం కటకంగా, ఎఫ్.జి.ఎఫ్. ప్రోటీన్ల ప్రభావంతో బుడగ లోపలి పొర రెటీనాగా రూపొందుతాయి. బుడగ అడుగున ఉండే సన్నని చీలిక మానవ పిండంలో ఏడో వారానికల్లా మూసుకోవాలి. మూసుకోకుంటే శిశువు కొలొబోమా అనే లోపంతో పుడుతుంది.

పెద్దవారి దేహంలో ఇదే సంకేతం అదుపు తప్పితే ఒక రకం చర్మ క్యాన్సర్‌కు దారితీస్తుంది. దానిని నిలువరించే విస్మోడెగిబ్ ఔషధానికి అమెరికా 2012లో అనుమతినిచ్చింది. సైక్లోపమీన్ మాదిరిగానే పనిచేసే ఈ మందును గర్భిణులు వాడరాదన్న తీవ్ర హెచ్చరిక దానిపై ముద్రించి ఉంటుంది.