ప్రార్థన చేద్దాం, సంకెళ్లు వద్దు

ప్రియ కాపరులారా, పటాన్‌చెరు, సంగారెడ్డి కార్మిక వాడల్లో మనోవ్యాధితో బాధపడేవారిని కొన్ని కుటుంబాలు ఆసుపత్రి కంటే ముందు మన ప్రార్థన మందిరాలకే తీసుకొస్తాయి. ప్రార్థిద్దాం, కానీ ఎవరినీ కట్టివేయనివ్వవద్దు. తమిళనాడులోని ఏర్వాడిలో స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టి ఉంచినవారు 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం రోగి హక్కు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మనకు దూరం కాదు. టెలి మానస్ 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందులు వాడడం అవిశ్వాసం కాదని మేము నమ్ముతున్నాము. గెరాసేనుల దేశములో ఆ మనిషిని గొలుసులతో బంధించింది మనుష్యులే. యేసు ప్రభువు అతనిని స్వస్థచిత్తునిగా చేసి ఇంటికి పంపాడు.