మీకు తెలుసా? గాలి మళ్లితే దారి దగ్గరవుతుంది
హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జరిగే తెరచాప పడవల పందేల్లో గాలి బలం కన్నా దాని చపలత్వమే పెద్ద పరీక్ష. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురెళ్లలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో అటూ ఇటూ మలుపులు తిరుగుతూ సాగాలి. గాలి ఓ 10 డిగ్రీలు మళ్లి పడవ ముక్కును గమ్యానికి దూరంగా నెట్టిందంటే, నేర్పరులు వెంటనే రెండోవైపుకు తిప్పేస్తారు. ఇటు నష్టం చేసిన మళ్లింపే అటు దగ్గరిదారి.

గాలి మరీ మందగిస్తే, 4.2 మీటర్ల ‘లేజర్’ రకం పడవలో ముందుకు జరిగి కూర్చుని, పడవను తెరచాప ఉన్న వైపుకు కాస్త ఒరగనిస్తారు. తెరచాప తన బరువుతోనే వంపు తిరిగి నిలుస్తుంది. నీటిని తాకే అడుగుభాగం తగ్గి, రాపిడి తగ్గుతుంది. గట్టున ఉన్నవారికి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. ఒళ్లు పదేపదే ఊపి పడవను ముందుకు నెట్టడం మాత్రం అంతర్జాతీయ పందెం నియమావళిలోని 42వ నిబంధన ప్రకారం నిషిద్ధం.