పెళ్ళి కెమెరాకూ కంప్యూటర్‌కూ ముడి

ఇక్కడి మన పెళ్ళిళ్ళను ఊళ్ళోని పెద్దవాళ్ళకు ప్రత్యక్షంగా చూపించే పని తరచు నా మీద పడుతుంటుంది. జీలకర్ర బెల్లం ముహూర్తం రెండోసారి రాదు కదా! అందుకే తీగల సంగతి ముందే చూసుకుంటాను.

లాప్‌టాప్‌కున్న హెచ్‌డీఎమ్‌ఐ సాధారణంగా బొమ్మను బయటికి పంపేదే, లోపలికి తీసుకోదు. మధ్యలో కాప్చర్ కార్డు ఉండాలి. 1080పీ వీడియో, 30 ఫ్రేములైతే, కుదించకుండా సెకనుకు సుమారు 150 కోట్ల బిట్లు. ఓబీఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని 50 లక్షలకు కుదించి నెట్‌లోకి వదులుతుంది. అప్‌లోడ్ వేగం అందుకు రెట్టింపు ఉంటే నిశ్చింత.

మండపం దూరమైతే ఎస్‌డీఐ కెమెరా మేలు. కెమెరాను బాటరీ మీద కాక కరెంటు మీద నడపండి. కెమెరా మెనూలో తెరమీది అక్షరాలు దాచండి. లేకపోతే తాతయ్యగారికి తలంబ్రాలతోపాటు బాటరీ గుర్తూ కనిపిస్తుంది!