నిప్పురవ్వకు తగిన ప్లగ్గు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. ఆ బాట ప్రక్కన మోటారు మరమ్మతు దుకాణములకును, విడిభాగములు విక్రయించు అంగళ్లకును కొదువ లేదు. అక్కడికి దక్షిణమున, నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు మిర్యాలగూడ ప్రాంతమున, ధాన్యమును మిల్లులకు చేరవేయు ట్రాక్టర్లును లారీలును మెండు. ఆ డీజిలు ట్రాక్టరు ఇంజనును విప్పి చూచినచో స్పార్కు ప్లగ్గు కానరాదు. దాని ప్రక్కన నిలిచిన పెట్రోలు కారులో మాత్రము సాధారణముగా సిలిండరున కొకటి చొప్పున ప్లగ్గులుండును. ఈ భేదమునకు కారణమేమి?

సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట విద్యార్థు లెరిగినదే. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని పదునైదవ వంతునకో, అంతకంటె తక్కువకో అణచును. ఆ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడును మించి వేడెక్కును. అందు చిమ్మబడిన డీజిలు తనంతట తానే మండును. పెట్రోలు ఇంజనులో అణచివేత అంత తీవ్రము కాదు. అందుచేత గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమమును సరియైన క్షణమున అంటించుటకు నిప్పురవ్వ వలయును. 1860లో లెన్వార్ పారిసులో నిర్మించిన గ్యాసు ఇంజనునందే విద్యుత్తు రవ్వను వాడెను. 1902లో జర్మనీ దేశమున బాష్ సంస్థకు చెందిన గాట్లాబ్ హోనోల్డు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించెను. మన దేశమున వీని తయారీకి పేరొందిన మైకో కంపెనీ 1951లో బెంగుళూరున స్థాపింపబడినది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అని మారినది.

సూర్యాపేటనుండి కోదాడకు కారులో ముప్పావు గంట ప్రయాణమనుకొందము. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నచో, రెండు చుట్లకొక రవ్వ వంతున, ఆ కొద్దిసేపటిలో ఒక్కొక్క ప్లగ్గు 45,000 సారులు మెరయవలెను. ప్రతి మెరుపునకు ఎలక్ట్రోడు కొనలోని లోహము కంటి కానని యంతగా కరగిపోవును. కొనల నడిమి ఎడము పెరుగును; ఎడము పెరిగినకొలది రవ్వ దుముకుటకు మరింత వోల్టేజి కావలెను. తుదకు కొన్ని రవ్వలు తప్పును. మెకానిక్కులు దీనినే మిస్సింగు అందురు.

అప్పుడు క్రొత్త ప్లగ్గు కొనవలసివచ్చును. చూచుటకు ప్లగ్గులన్నియు ఒక్క తీరుగనే యుండుటచేత ఇక్కడనే పొరపాటు జరుగును. మర వ్యాసము ఎక్కువ కార్లలో 12 లేక 14 మిల్లీమీటర్లు. వ్యాసము తప్పినచో ప్లగ్గు బిగియనే బిగియదు గనుక ఆ తప్పు వెంటనే బయటపడును. మర పొడవు విషయ మట్లు కాదు. పొడవెక్కువైన ప్లగ్గు చక్కగా బిగియును. కాని దాని కొన సిలిండరులోనికి చొచ్చుకొనిపోయి పైకి వచ్చు పిస్టనునకు తగులవచ్చును. పొట్టి ప్లగ్గు రవ్వ గోతిలో దీపమువలె వెనుకబడి మిశ్రమమును సరిగా అంటింపజాలదు.

కంటికి ఏ మాత్రమును కానరాని గుణము మరియొకటి కలదు. అది వేడిని విడుచు శక్తి. ప్లగ్గులోని పింగాణి ముక్కు పొడవైనచో వేడి మెల్లగా బయటికి పోవును. దానిని వేడి ప్లగ్గు అందురు. ముక్కు పొట్టిదైనచో వేడి త్వరగా ఇంజను లోహమునకు చేరును. అది చల్లని ప్లగ్గు. ముక్కు రమారమి 450 డిగ్రీలకు మించి వేడెక్కిననే దానిపై పేరిన మసి కాలిపోవును. లేనిచో విద్యుత్తు మసి వెంబడి జారిపోయి రవ్వ పుట్టదు. 850 డిగ్రీలు దాటినచో కొన నిప్పుకణికయై, రవ్వ పుట్టకమునుపే మిశ్రమము అంటుకొనును. పైకి వచ్చుచున్న పిస్టనుపై అకాలముగా మంట పడును. అట్లే సాగినచో పిస్టను తల కరగి రంధ్రము పడవచ్చును. మే నెల మధ్యాహ్నమున, నిండు బరువుతో, రహదారిపై వేగముగా పోవు కారునకు ఈ యపాయ మధికము. ఊరి సందులలో మెల్లగా తిరుగు కారునకు మసి బాధ యెక్కువ. ఈ రెండింటిని తలచియే తయారీదారుడు తగిన ప్లగ్గును నిర్ణయించి, దాని సంఖ్యను బండితో ఇచ్చు పుస్తకములో అచ్చువేయును. ఆ సంఖ్యను వ్రాసికొని అంగడికి పోవుట మేలు.

సంఖ్యలలోను చిక్కున్నది. ఎన్‌జీకే ప్లగ్గులలో అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది. బాష్ ప్లగ్గులలో అంకె పెరిగినకొలది వేడిది! ఒకదానికి బదులు మరియొకటి కొనువారు అంకెను పోల్చక, ఆ కంపెనీల సరిపోలిక పట్టికను చూడవలెను.

వెలగలది గదాయని ఇరిడియము ప్లగ్గును కోరువారు కలరు. నికెలు 1,455 డిగ్రీల కడ కరగగా ఇరిడియము 2,446 డిగ్రీలవరకు కరగదు. అందుచే దాని కొనను సన్నని తీగగా చేసినను చాలకాలము మన్నును. ఇరిడియము నిర్ణయించిన కారులో నికెలు ప్లగ్గు వేసినచో అది త్వరగా అరుగును. కాని పాతకారులో ఇరిడియము బిగించినంతమాత్రమున బలము హెచ్చునని తలచుట భ్రమ.

ఊడదీసిన పాత ప్లగ్గును పారవేయుటకు ముందు ఒకసారి చూడవలెను. ముక్కు లేత గోధుమరంగుననో బూడిదరంగుననో యున్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. పొడి మసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువైనదేమో విచారింపవలెను. నూనె జిడ్డున్నచో అరిగిన పిస్టను రింగులనో, వాల్వు సీళ్లనో అనుమానింపవలెను; ఎన్ని క్రొత్త ప్లగ్గులు మార్చినను ఆ రోగము కుదరదు. తెల్లబడి బొబ్బలెక్కినచో అతితాపము కలిగినదని యెరుగునది.

క్రొత్త ప్లగ్గును చల్లారిన ఇంజనులోనే బిగించుదురు. మొదట పానా ముట్టక, మర సాఫీగా ఎక్కునంతవరకు చేతితోనే త్రిప్పి, పిమ్మట పుస్తకములో చెప్పినంత మాత్రమే బిగింపవలెను. సిలిండరు హెడ్డు సాధారణముగా మెత్తని అల్యూమినియముతో చేసినది. వంకరగా ఎక్కించి బలవంతముగా త్రిప్పినచో దాని మర చెడును. అప్పుడు మెకానిక్కు ఆ రంధ్రమును తొలిచి లోపల క్రొత్త మర అమర్చవలసివచ్చును, లేదా హెడ్డునే మార్చవలసివచ్చును.